ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో జె.ఎం.బి. చర్చి అంటే ఎవరైనా దారి చూపిస్తారు. జూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చి అని పూర్తి పేరు చెబితే మాత్రం కొందరు ఒక క్షణం ఆలోచిస్తారు. సండే స్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడు, పెళ్లి పందిళ్లలో, ఆరాధన ముగిశాక చెట్టు నీడన నిలబడి మాట్లాడుకునేటప్పుడు ఈ సంఘ చరిత్ర గురించి జనం నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రతి జవాబులోనూ నేను వెతికింది ఒక్కటే: ఈ సంఘాన్ని భుజాన మోసిన మన వాళ్ల పేర్లు.

ఈ సంఘం ఎప్పుడు మొదలైంది?

1867 జనవరి 1న. ఆ రోజు సభ్యులు ఎనిమిది మంది. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ఈ మాట గుర్తుంచుకోండి, పాత కాగితాలు వెతికేటప్పుడు అవసరపడుతుంది.

అంతకు ముందు ఈ ప్రాంతంలో బాప్టిస్టులు లేరా?

ఉన్నారు, నెల్లూరులో. అమెరికా నుంచి శామ్యూల్ డే 1836లో మన దేశానికి వచ్చాడు. విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1849లో లైమన్ జూయెట్, ఆయన భార్య వచ్చి చేరారు. ఏళ్లు గడిచినా చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. ఖర్చు దండగ అనుకున్న అమెరికాలోని పెద్దలు 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభలో ఈ పని మూసివేయాలా వద్దా అని చర్చించారు. గోడ మీది పటంలో తెలుగు దేశానికి గుర్తుగా నెల్లూరు దగ్గర ఒకే ఒక చుక్క ఉందట. దాన్ని చూపించి ఎవరో 'ఒంటరి నక్షత్రం' అన్నారు. సభలో ఉన్న శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే కవి ఆ రాత్రే ఆ నక్షత్రం మీద పద్యం రాశాడు. మరునాడు దాన్ని సభలో చదివారు. మూసివేత ఆగిపోయింది. ఒంటరి నక్షత్రం అన్న పేరు తెలుగు మిషనుకు అలా నిలిచిపోయింది.

పదేళ్లు కాకముందే మళ్లీ అదే చర్చ. అప్పుడు ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్న జూయెట్, ఎవరూ పంపకపోయినా తానొక్కడే తిరిగి వెళతానన్నాడు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకరిని తోడు పంపాలి కదా అన్నారట మిషను కార్యదర్శి. అలా తోడు వచ్చిన మనిషే జాన్ ఎవరెట్ క్లౌ.

ప్రార్థన కొండ కథ నిజంగా జరిగిందేనా?

జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలును ఆనుకుని ఉన్న గుట్ట మీదికి అయిదుగురు ఎక్కారు. జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల మగమనిషి, జూలియా, రూతు. ఒకరి తరువాత ఒకరు మోకరించి, ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. తరువాత జూయెట్ కింద నాగజెముడు డొంకలతో నిండిన మెరక నేలను చూపించి, మన మిషను బంగళా అక్కడ ఉంటే బాగుంటుంది కదా అని జూలియాను అడిగాడు. ఆ స్థలమే తరువాత మిషను చేతికి వచ్చింది.

ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది జూయెట్ పేరు చెప్పి ఊరుకుంటారు. కొండ ఎక్కిన అయిదుగురిలో ముగ్గురు మన వాళ్లు, ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. పిల్లలకు చెప్పేటప్పుడు అయిదు పేర్లూ చెప్పండి.

క్లౌ ఎలాంటి మనిషి?

పాస్టరు కాకముందు అమెరికాలో సర్వే పని చేసిన మనిషి. నేల కొలవడం, గొలుసు పట్టడం, కూలీల చేత పని చేయించడం తెలుసు. ఈ విద్య కరువులో ఎంత పనికొచ్చిందో కింద చెబుతాను. 1865లో నెల్లూరు చేరాడు, 1866 సెప్టెంబరులో ఒంగోలు వచ్చాడు. 1910లో అమెరికాలో కన్నుమూశాడు. తొందర ఎక్కువ, ఓపిక తక్కువ అని ఆయనను ఎరిగినవారే రాశారు. నాకు ఆయనలో నచ్చేది వేరే గుణం. తనకు తెలియని సంగతి పల్లె పెద్దలను అడిగి తెలుసుకునేవాడు. మూడు నెలలకొకసారి పల్లెల బోధకులందరినీ ఒంగోలు పిలిపించి, వాళ్లు చెప్పింది విని, దాన్నిబట్టి నడుచుకునేవాడు.

అయితే సంఘాన్ని స్థాపించింది ఆయనే కదా?

పుస్తకాల్లో అలాగే ఉంటుంది. నేను ఒప్పుకోను.

ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరంలో తాళ్లకొండపాడు అని ఒక పల్లె. అక్కడ యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ల వ్యాపారి. చదువు రాదు, కానీ వెతుకులాట ఉన్న మనిషి. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. ఒక స్త్రీ గురువుగా కూర్చుని, మాదిగలను శిష్యులుగా చేర్చుకుని, కంటికి కనబడే విగ్రహం కన్నా లోపలి దేవుణ్ణి చూడమని చెప్పిన మార్గం అది. విగ్రహం లేని దేవుడు అన్న మాట మన పల్లెల్లోకి దొరలతో రాలేదు. ఆ నేల అప్పటికే దున్ని ఉంది.

పేరయ్య తోళ్ల బేరం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట మొదటిసారి విన్నాడు. విన్నది మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి, ఆ మాట వివరంగా చెప్పేవాళ్ల కోసం వెతికాడు. 1866లో జూయెట్, క్లౌలను కలుసుకుని, భార్యతో కలిసి బాప్తిస్మం పొందాడు. తరువాత ఏం చేశాడో చూడండి. బోధకుల కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. చెప్పులు కుట్టే చోట, తోళ్లు నానబెట్టే చోట, చుట్టాల పెళ్లిళ్లలో కూర్చుని తానే చెప్పుకుంటూ పోయాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి చింతచెట్ల కింద కాచుకుని ఉన్నారు. వాళ్లను పిలిచింది క్లౌ కాదు, పేరయ్య. కొన్ని రోజులు వాళ్లతో మాట్లాడి, అడిగి, చివరకు 28 మందికి బాప్తిస్మమిచ్చారు.

ఒంగోలులో ఎనిమిది మందితో సంఘం ఏర్పడిన నెలలోనే పడమటి పల్లెలో 28 మంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరు ఎవరి వెంట నడిచారో తెలుస్తుంది.

మొదట్లో అగ్రకులాల వారు కూడా వచ్చేవారట. తరువాత ఎందుకు రాలేదు?

క్లౌ ఒంగోలులో బడి తెరిస్తే బ్రాహ్మణుల పిల్లలు, కోమట్ల పిల్లలు వచ్చారు. పెద్దలు ఆదరంగానే ఉన్నారు. పడమటి నుంచి మాదిగలు సంఘంలోకి వస్తున్నారని తెలియగానే, వాళ్లను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలను పంపము అన్నారు. ఎటు వెళ్లాలో తేల్చుకోవలసిన ఘడియ అది. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనబడిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడు అన్న భాగం అది. చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

తలుపు తెరిచినందుకు మిషనరీలను మెచ్చుకుంటాం, మంచిదే. కానీ బడి ఖాళీ అవుతుందని తెలిసి కూడా వెనుదిరగకుండా ఆ తలుపు ముందు నిలబడ్డవారి ధైర్యాన్ని మెచ్చుకునే మాట ఎక్కడా కనబడదు.

కొత్తగా చేరినవారికి పెట్టిన మూడు నియమాలు ఏమిటి?

ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

చదివితే సులువుగా కనబడతాయి. అప్పటి మాదిగపల్లెలో ఒక్కొక్క నియమం ఒక్కొక్క యుద్ధం. రైతుకు మోట బొక్కెన కుట్టాలి, చెప్పులు కుట్టాలి, కోతకు పోవాలి, వెట్టికి పిలిస్తే పోవాలి. వారంలో ఒక రోజు రాము అంటే ఊరు ఊరుకుంటుందా? చచ్చిన పశువు మాదిగల హక్కు కూడా, కూలిలో భాగం కూడా. దాన్ని వదిలేస్తే ఆ పూట కడుపు మాడుతుంది. ఇక జాతరలో డప్పు కొట్టము అంటే అది ఊరి మొత్తానికి ఎదురు తిరిగినట్టే. కరణాలు, మునసబులు కక్షగట్టారు. అంగట్లో సరుకు అమ్మవద్దన్నారు, నీళ్లు తోడుకోనివ్వలేదు, దొంగ కేసులు పెట్టించారు. కొందరు వెనక్కి వెళ్లారు. ఎక్కువమంది నిలబడ్డారు. వారానికొక రోజు తన దేహం తనదే అని ఒక మాదిగ మనిషి రైతు ముఖం మీద చెప్పగలగడం, నా దృష్టిలో, ఈ సంఘ చరిత్రలోని మొదటి గొప్ప సంఘటన.

ధాత కరువులో సంఘం ఏం చేసింది?

1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని ఊడ్చేసిన కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక ధాత కరువు అన్నారు. లక్షలాది మంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే ఆ కాలువకు పెట్టారు. ఆ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. సర్వే పని తెలిసినవాడు గనుక తీసుకోగలిగాడు. తవ్వేవారికి మేస్త్రీలుగా పల్లె బోధకులనే పెట్టాడు.

దీని విలువ తెలియాలంటే మిగతా కరువు పనుల్లో జరిగేది తెలియాలి. ఇతర చోట్ల మాదిగ కూలీని మేస్త్రీ తిట్టేవాడు, కొట్టేవాడు, కూలిలో కోత పెట్టేవాడు. ఇక్కడ మేస్త్రీ తన వాడు. పేరు పెట్టి పిలిచేవాడు, కూలి లెక్క సరిగ్గా కట్టేవాడు. పొద్దుగూకాక గుడిసెల మధ్య కూర్చుని పాట పాడేవాడు, ఒక వాక్యం చెప్పేవాడు. ఆ బోధకులు ఎక్కువగా చెప్పిన వాక్యం ఇది: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నాయొద్దకు రండి." తలమీద మట్టి తట్ట మోస్తున్నవారికి ఆ మాట వివరించవలసిన పని లేదు. ఇళ్లకు వెళ్లాక ఆ వాక్యం వాళ్లతో పాటే వెళ్లింది.

ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం సాధ్యమా?

అంకె విని చాలామంది నమ్మరు. లెక్క వేసి చూడండి. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జరిగింది. బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒక్కసారికి ఇద్దరు నీళ్లలో దిగేవారు, అలసిపోగానే మరో ఇద్దరు. మధ్యాహ్నం కొంతసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం తొమ్మిది గంటలు. అంటే ఇద్దరు కలిసి నిమిషానికి నలుగురికి. పేర్లు ముందే రాసుకుని, ఊరి వారీగా వరుసలో నిలబెట్టారు గనుక తొక్కిసలాట లేదు. ముందురోజు 614 మంది, మరునాడు 700 మంది. మూడు రోజులు కలిపి 3,536.

క్లౌ ఆ రోజు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున ఉండి ఏర్పాట్లు చూశాడు. నీళ్లలో నిలబడ్డ చేతులన్నీ మన చేతులే.

మా ఇంట్లో ఆ రోజు గురించి ఒక చిన్న మాట మిగిలి ఉంది. మా నాయనమ్మ తన నాయనమ్మ దగ్గర విన్నది. నీళ్లలోంచి లేచాక మార్చుకోవడానికి రెండో చీర లేక, తడిసిన చీరతోనే ఊరికి నడుస్తూ, నడుస్తూనే ఆరబెట్టుకుందట. ఇంటికి చేరేసరికి కొంగు అంచులో ఇసుక గరగరలాడుతూ ఉందట. పుస్తకాల్లో 2,222 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు ఆ కొంగు ఇసుకే గుర్తొస్తుంది.

అన్నం కోసం మతం మారారు అంటారు. ఏం జవాబు చెప్పాలి?

ముందు తేదీలు చెప్పండి. కరువు ముదిరిన కాలంలో పదిహేను నెలల పాటు క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సరిగ్గా ఈ నింద వస్తుందనే భయంతోనే ఆపాడు. కాలువ పని అయిపోయింది, పంచడానికి డబ్బు లేదు, మీకు ఇచ్చేది ఏమీ లేదు ఇళ్లకు వెళ్లండి అన్నాడు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలి అని వాళ్లు కదలలేదు. అన్నం పెట్టినప్పుడు తలుపు మూసి ఉంది. అన్నం పంచడం ఆగాక తలుపు తెరిచారు. తెరిచాకే వాళ్లు లోపలికి వచ్చారు.

ఇక రెండో సంగతి. వచ్చిన వేలమంది మనసుల్లో ఒకే కారణం ఉందని నేను అనను. కొందరికి నమ్మకం, కొందరికి చుట్టరికం, కొందరికి పిల్లల చదువు, కొందరికి మనిషిగా చూసే చోటు దొరకడం. ఊరి బావి దగ్గరకు రానివ్వని లోకంలో, నదిలోకి చెయ్యి పట్టుకుని దింపే చోటు కోసం ఒక మనిషి ఆశపడితే అందులో తప్పేముంది? ఆకలిగొన్నవాడి విశ్వాసాన్ని మాత్రమే అనుమానించి, కడుపు నిండినవాడి భక్తిని ఎన్నడూ ప్రశ్నించకపోవడం న్యాయం కాదు.

ప్రపంచంలోకెల్లా పెద్ద బాప్టిస్టు సంఘం మనదేనట, నిజమేనా?

ఒకప్పుడు. 1878 చివరికే సభ్యుల సంఖ్య 12,000 దాటింది. 1880ల తొలి సంవత్సరాల్లో 20,000 దాటింది. ప్రపంచంలో మరే బాప్టిస్టు సంఘానికీ అంత పెద్ద సభ్యుల పట్టీ లేదు. 1890 డిసెంబరు 28న మళ్లీ ఒక్క రోజులో 1,671 మందికి బాప్తిస్మం జరిగింది.

కానీ దీన్ని గొప్పగా చెప్పుకునేటప్పుడు ఒక ఇబ్బంది ఉంది. బాప్టిస్టు లెక్కలో సంఘం అంటే ఒకరినొకరు ఎరిగి, ఒక చోట కూడుకునే విశ్వాసుల గుంపు. వందల పల్లెల్లో చెల్లాచెదురుగా ఉన్న ఇరవై వేల మందిని ఒకే పుస్తకంలో రాసి ఒక సంఘం అనడం ఆ లెక్కకు సరిపడదు. అందుకే మిషను పనిచేసే ప్రాంతాన్ని విడదీశారు. కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు వేరు కేంద్రాలయ్యాయి. క్రమంగా పల్లె పల్లెకూ సంఘం వచ్చింది. ఒంగోలు పట్టీలో సంఖ్య తగ్గింది నిజమే. అది పంచి ఇవ్వడం వల్ల తగ్గిన సంఖ్య. మీ అమ్మమ్మగారి ఊరి సంఘం వినుకొండ కిందిదైనా, కంభం కిందిదైనా దాని మూలం ఇక్కడే.

అసలు బాప్టిస్టు అంటే ఏమిటి? మిగతావారికీ మనకూ తేడా ఏమిటి?

క్లుప్తంగా: పసిబిడ్డలకు కాదు, తానుగా నమ్మి ఒప్పుకున్నవారికే బాప్తిస్మం. అదీ చిలకరించడం కాదు, నీళ్లలో ముంచడం. బిషప్పు ఉండడు. ఏ సంఘానికి ఆ సంఘమే తన కాపరిని పిలుచుకుంటుంది, సంఘ కూటంలో చేతులెత్తి నిర్ణయిస్తుంది. బాప్టిస్టు సంఘాలు 1600ల తొలి సంవత్సరాల్లో ఇంగ్లండు నుంచి ఆమ్‌స్టర్‌డాంకు వలసపోయిన విశ్వాసుల మధ్య మొదలయ్యాయి.

ఇందులో చివరి అంశం మన పల్లెల్లో చేసిన పని చిన్నది కాదు. ఊరి పంచాయతీలో నోరు విప్పే హక్కు లేని మనిషి సంఘ కూటంలో లేచి నిలబడి "నేను ఒప్పుకోను" అని చెప్పగలిగాడు.

ఆడవాళ్ల పాత్ర గురించి ఎక్కడా రాయరు ఎందుకు?

రిపోర్టులు రాసినవారు బోధకుల సంఖ్య లెక్కపెట్టారు, అందుకని. జూలియా, రూతు గురించి పైన చెప్పాను. పేరయ్య కన్నా ముందు వీరమ్మ ఉంది. తరువాత బైబిలు స్త్రీలు వచ్చారు. మగ బోధకుడు అడుగు పెట్టలేని ఇళ్లలోకి వీళ్లు వెళ్లారు. జబ్బుపడ్డవారి పక్కన కూర్చున్నారు, అక్షరాలు నేర్పారు, పాటలు నేర్పారు. పల్లె బడి పంతులు భార్య కూడా జీతం లేని పంతులమ్మే. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ పాత బోధకుల నోట విన్న సంగతులన్నీ రాసుకుని 1899లో పుస్తకంగా వేసింది. వీరమ్మ గురించి, పేరయ్య యోగమార్గం గురించి ఈ రోజు మనం తెలుసుకోగలుగుతున్నామంటే ఆ వినికిడి వల్లే.

కీర్తనలు కూడా మిషనరీలే రాశారా?

మనం ఇప్పటికీ పాడే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో మంచివి ఎన్నో తెలుగువారు రాసినవి. వారిలో ముందు చెప్పవలసిన పేరు పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆయన బాప్తిస్మం పొందింది ఒడిశాలోని కటకంలో, బాప్టిస్టుల దగ్గరే, 1833లో. రాగం, తాళం వేసి కీర్తన కట్టినవాడు గనుక చదువురాని సంఘం కూడా వాక్యాన్ని నోట పట్టగలిగింది.

కాకినాడ వైపు బాప్టిస్టులు మనవారేనా?

బంధువులు. అక్కడి పని కెనడా బాప్టిస్టులది. దాన్ని 1874లో కాకినాడలో మొదలుపెట్టిన జాన్ మెక్‌లారిన్ అంతకుముందు క్లౌ సెలవులో ఉన్నప్పుడు ఒంగోలులో పనిచేసినవాడే. అక్కడ ముందునుంచీ తామస్ గాబ్రియేలు అనే తెలుగు బోధకుడు సంఘాలు నడుపుతూ, రమ్మని పిలిస్తే వచ్చారు. చూశారా, అక్కడా అదే కథ.

మా ముత్తాతగారి బాప్తిస్మం వివరం దొరుకుతుందా?

దొరకవచ్చు. ముందుగా మీ పల్లె సంఘం పాత సభ్యత్వ పుస్తకం చూడండి. తరువాత ఆ పల్లె ఏ కేంద్రం కింద ఉండేదో తెలుసుకోండి. జిల్లా పేరు దగ్గర జాగ్రత్త: ఒంగోలు ప్రాంతం 1904 దాకా నెల్లూరు జిల్లా, తరువాత గుంటూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా అయి, 1972లో ప్రకాశం జిల్లా అన్న పేరు పొందింది. కంభం, మార్కాపురం వైపు పల్లెలైతే పాత కాగితాల్లో కర్నూలు జిల్లా అని కూడా ఉంటుంది. మిషను ఏటేటా అమెరికాకు పంపిన నివేదికలు, ఉత్తరాలు అమెరికన్ బాప్టిస్టు చారిత్రక సంఘం దగ్గర అట్లాంటాలో భద్రంగా ఉన్నాయి. అయితే వాటిలో సాధారణంగా సంఖ్యలుంటాయి, పల్లె మనుషుల పేర్లు అరుదు. పేర్లు మన పుస్తకాల్లోనే ఉన్నాయి, చెదలు పట్టకుండా మిగిలితే.

వెతికేటప్పుడు బైబిలు పేర్ల కోసమే చూడకండి. మొదటి తరం వారు చాలామంది పేరయ్య, రంగయ్య, కనకయ్య లాంటి పాత పేర్లతోనే ఉన్నారు. యోహానులు, మార్తమ్మలు, ప్రసాదరావులు తరువాతి తరాల వారు.

సంఘంలో ఒక పేరు, బడి పత్రాల్లో మరో పేరు ఎందుకు ఉంటాయి?

చట్టం వల్ల. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులాల వారిని మన రాష్ట్రంలో బి.సి.-సి కింద పెట్టారు. దానికి ఒక్క శాతం రిజర్వేషను. మతం మారినా వాడ మారలేదు, వివక్ష మారలేదు, హోదా మాత్రం పోయింది. అందుకే ఎన్నో ఇళ్లలో కాగితం మీద ఒక పేరు, ప్రభు బల్ల దగ్గర ఒక పేరు. చరిత్ర రాసేవారు దీన్ని మోసం అని తీసిపారేయకూడదు. బతకడానికి రెండు పేర్లు మోయవలసి వచ్చినవారి బాధగా చూడాలి. అలాంటి పేర్లను వారి అనుమతి లేకుండా అచ్చు వేయకండి.

మా పల్లె సంఘానికి చరిత్ర పుస్తకం రాయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి మిషనరీ ఫోటో దగ్గర మాత్రం కాదు. ఊళ్లో ఎనభై దాటిన పెద్దమ్మ ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి. మొదట కూటాలు ఎవరింటి పంచలో జరిగాయి, గుడి కట్టడానికి రాయి ఎవరు మోశారు, నేల ఎవరిచ్చారు, ఉపదేశికి, అంటే పల్లె బోధకుడికి, ఏ రోజు ఎవరింట్లో అన్నం, పంట రాగానే కానుకగా ఏం తెచ్చేవారు, గొడవలొచ్చి ఎప్పుడు రెండుగా చీలారు — ఇవి అడగండి. చీలిక సంగతి దాచకండి. రెండు వైపులవారి మాటా రాయండి. ఆమె పాడే పాత కీర్తన వరస ఫోనులో రికార్డు చేసుకోండి. వరస మారిపోతోంది.

తరువాత మినిట్స్ పుస్తకం. ఒక పల్లెలో అలాంటిది నేను చేతుల్లోకి తీసుకున్నాను. అట్ట ఊడింది, అంచులు ఎలుకలు కొరికాయి. వరస సంఖ్య, పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, తేదీ, బాప్తిస్మమిచ్చినవారు. సిరా గోధుమ రంగుకు తిరిగింది. కుడి అంచున సన్నని అక్షరాలతో కొన్ని పేర్లకు ఎదురుగా 'నిద్రించెను', అంటే చనిపోయారని, ఉంది, కొన్నింటికి 'వలస' అని ఉంది. ఒక పేజీలో వరుసగా పదకొండు పేర్లకు ఒకే తేదీ, ఒకే మాట: నిద్రించెను. ఏ జబ్బో రాయలేదు.

సభ్యత్వ పుస్తకంలో కొట్టివేసిన పేర్లు మళ్లీ రాయవచ్చా?

పాత పుస్తకంలో దేన్నీ దిద్దకండి, చెరపకండి. కొట్టివేత కూడా సాక్ష్యమే. పెళ్లి విషయంలోనో, బాకీ విషయంలోనో, పెద్దలకు ఎదురు చెప్పినందుకో తీసేసి ఉండవచ్చు. పుస్తకాన్ని మంచి వెలుతురులో పేజీ పేజీ ఫోటో తీయించి, కొత్త నోటు పుస్తకంలో అన్ని పేర్లూ ఎత్తి రాయండి, కొట్టివేసినవి కూడా. ఎదురుగా 'మూల పుస్తకంలో కొట్టివేసి ఉన్నది' అని రాస్తే చాలు. ఆ పని చేసేటప్పుడు ఇద్దరు కూర్చోండి. ఒకరు పైకి చదవాలి, ఒకరు రాయాలి.